అరువు బాణీ ఎవరి సొంతం?

నాలుగైదేళ్ల కిందట మా జిల్లా రచయితల సభలో నేనొక మాట అన్నాను. నాట్ల పాటల్నీ దంపుళ్ల పాటల్నీ సినిమావాళ్లు ఎత్తుకుపోయి, పుట్టిన ఊరి పేరు కూడా చెప్పకుండా అమ్ముకుంటున్నారని చర్చ జరుగుతోంది. నా వంతు వచ్చినప్పుడు, 'బాణీ పుట్టినచోటే బతుకుతుంది, ఎత్తుకుపోయినవాడి చేతిలో శవమైపోతుంది' అన్నాను. చప్పట్లు బాగానే మోగాయి. తెలుగు ఎం.ఏ. చదివి ఇరవై ఏళ్లుగా బడిలో పాఠం చెప్పుకుంటున్నవాడికి చప్పట్లు అరుదు కనక, ఆ మాటను తర్వాత రెండు మూడు వ్యాసాల్లో కూడా వాడుకున్నాను. ఇప్పుడు దాన్ని కొంత సవరించుకోవలసిన అవసరం వచ్చింది. నా చేత ఈ పని చేయించింది సిద్ధాంత గ్రంథమేదీ కాదు. 1976లో వెలువడిన ఒక ప్రత్యక్ష కచేరీ రికార్డు.

దాని పేరు 'పర్సన్ టు పర్సన్'. వాయించినవాళ్లు 'యావరేజ్ వైట్ బ్యాండ్' అనే స్కాట్లండు బృందం. రెండు ఎల్.పి.ల రికార్డు. డండీలో చదువుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు దీన్ని పంపుతూ, 'మాస్టారూ, వీళ్లలో ముగ్గురు నలుగురు ఈ ఊరివాళ్లూ ఈ చుట్టుపక్కలవాళ్లూనట, ఇది మన జూట్ మిల్లుల పుట్టిల్లు, అందుకే పంపుతున్నా' అని రాశాడు. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడని వాడికి తెలుసు. ఆ చివరి మాట లేకపోతే నేను ఈ రికార్డు వినేవాణ్ణి కానేమో. పాశ్చాత్య నృత్య సంగీతం మీద నాకు అంతకుముందున్నది చులకనభావమే, దాచుకోవడమెందుకు.

కనక ముందు ఆ ఊరి సంగతి. డండీ స్కాట్లండు తూర్పు తీరాన టే నది ఒడ్డున ఉంది. అక్కడ తిమింగిలాల వేట ఉండేది. తిమింగిలం నూనెతో తడిపితే మొండి జూటు నార మెత్తబడుతుందనీ, యంత్రం మీద వడకవచ్చుననీ 1830లలో ఆ ఊరివాళ్లు కనుక్కున్నారు. బెంగాలు రైతు పండించిన నార ఓడెక్కి డండీకి పోయి, గోనెసంచిగా మారి ప్రపంచమంతా తిరిగింది. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో తొలి మిల్లు లేచినప్పుడు దాని యంత్రాలు డండీ నుంచే వచ్చాయి. ఆ తర్వాత హుగ్లీ ఒడ్డున లేచిన మిల్లుల్లో మేనేజర్లుగా, ఓవర్సీర్లుగా డండీ మగవాళ్లు వచ్చారు. కూలీలుగా బీహారీలూ ఒరియావాళ్లూ, వాళ్లతోపాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన తెలుగువాళ్లూ వెళ్లారు. మా తాతగారి అన్న అలా వెళ్లినవాడే. చటకల్‌లో పనిచేసి, చటకల్ అనే మాటను మా ఇంటికి మోసుకొచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కలకత్తా మిల్లులు డండీ మిల్లుల్ని మించిపోయాయి. కూలి ఎక్కడ చవకగా దొరికితే పెట్టుబడి అక్కడికి పోతుంది. డండీ పెట్టుబడిదారు తన డబ్బుతోనే తన ఊరి కార్మికుడికి పోటీని సృష్టించాడు.

డండీ మిల్లుల్లో పనిచేసినవాళ్లలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. పెద్దవాళ్ల కూలి ఇవ్వవలసిన వయసు రాగానే కుర్రాళ్లను తీసేసేవారు. అందుకే ఇంట్లో కూచునే మగవాళ్లను ఆ ఊళ్లో 'కెటిల్ బాయిలర్లు' అని, అంటే టీ నీళ్లు కాచేవాళ్లని ఎగతాళి చేసేవారు. మగ్గాల రొదలో మాట వినపడక పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకునేవారు. ఆ రొదలోంచే మేరీ బ్రూక్స్‌బ్యాంక్ వచ్చింది. 1897లో పుట్టి, చిన్నతనంలోనే మిల్లులో చేరి, కమ్యూనిస్టు కార్యకర్తయి, జైలుకు పోయి, స్టాలిన్ని విమర్శించి పార్టీ నుంచి బహిష్కృతురాలై, తన మిల్లు పాటలతో 1978 దాకా బతికిన మనిషి. ఆమె రాసిన మిల్లు పాటలోని మాటలు ఇప్పుడు స్కాట్లండు పార్లమెంటు గోడ మీద చెక్కి ఉన్నాయి. మన సాహిత్య విద్యార్థులు బర్న్స్ పేరు విని ఉంటారు, ఈమె పేరు వినలేదు. నేనూ ఈ మధ్యే విన్నాను.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో, 1960లనాటి కుర్రాడు తన పాట పాడుకోవడానికి మేరీ బ్రూక్స్‌బ్యాంక్ దగ్గరికి పోలేదు. అమెరికా నల్లవాళ్ల రికార్డుల దగ్గరికి పోయాడు. నా పాత తీర్పు ప్రకారం ఇది ఘోరమైన అపరాధం. సొంత ఊళ్లో శ్రమజీవుల పాటను పెట్టుకుని పరాయిదాన్ని అరువు తెచ్చుకోవడమేమిటి? కానీ కాస్త ఆగి చూడాలి. ఆ కుర్రాడికి మిల్లు పాట అమ్మ అలసట. ఏడుపు గొంతుతో వచ్చే వారసత్వం. డెట్రాయిట్ నుంచో మెంఫిస్ నుంచో వచ్చిన రికార్డు అతనికి పని దిగిన తర్వాతి సాయంత్రం. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడి నల్లవాడు కూడా దక్షిణాది పత్తి చేల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడే. పత్తికీ జూటుకీ మధ్య, ఒకే యంత్రం కింద నలిగిన రెండు వేళ్లకున్నంత చుట్టరికం ఉంది. కుర్రాళ్లు ఇదంతా ఆలోచించి వాయించారని నేను అనడం లేదు. పాట విని డాన్సు చెయ్యాలనిపించింది, చేశారు. పూనకానికి కారణం పూనినవాణ్ణే అడిగితే చెప్పలేడు కదా.

బృందం 1972లో లండన్లో ఏర్పడింది. సాక్సఫోను వాయించే రోజర్ బాల్, మాల్కం డంకన్ ఇద్దరూ డండీలో చదువుకున్నవాళ్లు. వాళ్ల జంటకే 'డండీ హార్న్స్' అని పేరు. డ్రమ్ముల రాబీ మెకింటాష్ డండీలో పుట్టినవాడు. బాస్ వాయించి పాడే ఆలన్ గోరీది పెర్త్, పాడుతూ గిటారు వాయించే హేమిష్ స్టూవర్ట్‌ది గ్లాస్గో. రెండో గిటారు ఆనీ మెకింటైర్. 'సగటు తెల్లవాళ్ల బృందం' అని తమకు తామే పెట్టుకున్న పేరులో వెక్కిరింత ఉంది. తెల్లవాడికి ఈ సంగీతం చేతకాదని లోకం అనేదాన్ని వాళ్లే ముందు అనేసుకున్నారు. అది నాకు నచ్చింది. నచ్చనిది వాళ్ల ముద్ర. పేరులోని 'వైట్' మొదటి అక్షరాన్ని ఆడదాని పిరుదుల ఆకారంలో వేశారు. డెబ్బైలనాటి రికార్డు వ్యాపారం ఆడదాన్ని అట్ట మీది సరుకుగానే చూసింది. ఈ బృందం అందులో మినహాయింపు కాదు.

1973 జనవరి 13న లండన్ రెయిన్‌బో థియేటర్లో ఎరిక్ క్లాప్టన్ కచేరీకి ముందు వీళ్లు వాయించారు. అప్పటికి దేశంలో గాలి ఎలా వీస్తోందో గుర్తుంచుకోవాలి. 1968 ఏప్రిల్ 20న ఈనాక్ పవెల్ బర్మింగ్‌హాంలో వలసవచ్చినవాళ్లకు వ్యతిరేకంగా విషం కక్కాడు. 1971లో వలసల చట్టం వచ్చింది. 1976 ఆగస్టులో అదే బర్మింగ్‌హాంలో వేదిక మీద నిలబడి పవెల్‌ను సమర్థించినవాడు మరెవరో కాదు, క్లాప్టనే. నల్లవాళ్ల బ్లూస్ వాయించి బతికినవాడు నల్లవాళ్లను దేశం విడిచి పొమ్మన్నాడు! ఆ మాటలకు జవాబుగానే 'రాక్ అగైన్‌స్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. నా సభ మాటకు క్లాప్టన్ కంటే మంచి సాక్షి దొరకడు. బాణీని తీసుకుని మనిషిని తిరస్కరించడమంటే ఇదే. అదే 1976లో 'పర్సన్ టు పర్సన్' వెలువడింది. ఒకే వేదిక మీద కనిపించిన ఈ రెండు పేర్లనీ అదే కారణంగా ఒకే గాటన కట్టవచ్చునా? ఇక్కడే నాకు చిక్కు వచ్చింది.

బృందం మొదటి రికార్డు 1973లో ఎం.సి.ఎ. కంపెనీ తరఫున వచ్చి పెద్దగా అమ్ముడుపోలేదు. రెండోదాన్ని ఆ కంపెనీ వద్దంది. అట్లాంటిక్ కంపెనీలోని జెర్రీ వెక్స్‌లర్ తీసుకున్నాడు. ఈ వెక్స్‌లర్ 1949లో బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేస్తూ, అప్పటిదాకా 'రేస్ రికార్డులు' అని పిలుస్తున్న నల్లవాళ్ల సంగీతానికి 'రిథం అండ్ బ్లూస్' అని పేరు పెట్టినవాడు. పేరు మారింది, గోడ మారలేదు. నల్లవాళ్ల పట్టిక వేరు, తెల్లవాళ్ల పట్టిక వేరు. 'అంటరాని' అనే మాట తీసేసి మర్యాదైన మాట పెట్టినంత మాత్రాన బావి అందరిదీ కాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇస్తాంబుల్‌లో పుట్టిన ఆరిఫ్ మార్దిన్ ఆ రెండో రికార్డును తీర్చాడు. 1974 ఆగస్టులో వచ్చింది. అందులోని 'పికప్ ది పీసెస్' అనే వాద్యరచన 1975 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది.

ఆ విజయాన్ని రాబీ మెకింటాష్ చూడలేదు. 1974 సెప్టెంబరు 23న లాస్ ఏంజిలిస్‌లో చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవైనాలుగేళ్లు. కచేరీలు ముగిశాక ఒక ధనికుడి విందులో కొకైన్ అనుకుని హెరాయిన్ పీల్చారు. గోరీ కూడా పోవలసినవాడే. నటి, గాయని షెర్ అతన్ని నిద్రపోనివ్వకుండా కూచోబెట్టి బతికించింది. విందు ఇచ్చినవాడికి తర్వాత కొద్ది నెలల జైలు. పేదవాడి ఇంట్లో మనిషి అలా చచ్చి ఉంటే శిక్ష అంతే ఉండేదా అని అడిగితే, అది సంగీత విమర్శ కాదంటారు.

అతని స్థానంలోకి స్టీవ్ ఫెరోన్ వచ్చాడు. ఇంగ్లండులోని బ్రైటన్‌లో పుట్టిన నల్లవాడు. మెకింటాష్ వాయించిన ఆబ్లివియన్ ఎక్స్‌ప్రెస్ బృందంలోనే అంతకుముందు వాయించినవాడు. 1975లో వచ్చిన 'కట్ ది కేక్'ను మెకింటాష్‌కు అంకితమిచ్చారు. 'వైట్' అని పేరున్న బృందానికి నాడి పట్టేవాడు నల్లవాడయ్యాడు. 'పర్సన్ టు పర్సన్'లో వినిపించే డ్రమ్ములు అతనివే.

ప్రత్యక్ష రికార్డు చరిత్రకారుడికి ఎందుకు పనికొస్తుందో ఇక్కడ చెప్పాలి. స్టూడియో రికార్డు అచ్చుపుస్తకం లాంటిది. తప్పులు దిద్ది, అంచులు కత్తిరించి ఇస్తారు. కచేరీ రికార్డులో మనిషికీ మనిషికీ మధ్య నడిచింది కూడా ఉంటుంది. అట్టకు ఆ పేరు ఊరికే పడలేదు, 1974 రికార్డులో ఆ పేరుతో పాట ఉంది. అలాగని దాన్ని పవిత్ర సాక్ష్యంగా తీసుకోకూడదు. 1976 ప్రత్యక్ష రికార్డుల వ్యాపారం జోరుగా సాగిన ఏడాది. ఆ జనవరిలో వచ్చిన పీటర్ ఫ్రాంప్టన్ కచేరీ రికార్డు కోట్లు కురిపించింది, ఆ తర్వాత ప్రతి కంపెనీకీ జంట ఎల్.పి. కావాలనిపించింది. కచేరీ పాటను స్టూడియోలో మెరుగుపెట్టి అమ్మడం ఆ రోజుల్లో మామూలే. చారిత్రక పత్రాన్ని ఎవరు, ఎవరికోసం, ఎందుకు భద్రపరిచారన్న ప్రశ్న శాసనానికి ఎంత అవసరమో దీనికీ అంతే అవసరం.

ఈ జాగ్రత్తలన్నీ పెట్టుకుని విన్నా, 'పికప్ ది పీసెస్' దగ్గర నేను ఆగిపోయాను. స్టూడియోలో అది నాలుగు నిమిషాలు. ఇక్కడ దాదాపు 18 నిమిషాలు. ఫంక్ సంగీతంలో కథంతా ఆవర్తం మొదటి దెబ్బ మీద నడుస్తుంది. జేమ్స్ బ్రౌన్ నేర్పిన కిటుకు అది. మన తాళంలో సమం లాంటిదనుకోండి, అందరూ ఎటు తిరిగినా అక్కడికి వచ్చి కలవాలి. గిటారు తీగను మీటి వెంటనే నొక్కేస్తారు, మోగిన శబ్దం కంటే ఆపిన శబ్దానికే పని ఎక్కువ. ఒకడు ముందుకొచ్చి తన మాట చెప్పుకుంటూ ఉంటే మిగిలినవాళ్లు వెనక అదే నడకను అదే ఓపికతో నడిపిస్తూ ఉంటారు. బుర్రకథలో వంతల పని తెలిసినవాళ్లకు ఈ ఓపిక విలువ తెలుస్తుంది. కథకుడికి చప్పట్లు, వంతలకు చెమట. పద్దెనిమిది నిమిషాలూ నేను విన్నది ఎక్కువగా ఫెరోన్‌నే. చచ్చిపోయినవాడు వేసిన దెబ్బను అతను వెయ్యాలి, జనం దానికోసమే వచ్చారు. కానీ అనుకరిస్తే అది తద్దినం. అతను నడకను అలాగే ఉంచి తన బరువు వేశాడు. డండీ తెల్లవాడు అమెరికా నల్లవాళ్ల దగ్గర నేర్చుకున్నదాన్ని బ్రైటన్ నల్లవాడు ఆ తెల్లవాడి ఖాళీలో కూచుని అమెరికా జనానికి వినిపిస్తున్నాడు. ఇందులో బాణీ పుట్టినచోటు ఏదో, ఎత్తుకుపోయినవాడు ఎవడో చెప్పమనండి.

అలాగని లెక్క సరిపోయిందని నేను అనను. అమెరికాలో మొదటి స్థానం ఈ బృందానికి దొరికిన కాలంలోనే లండన్లో సైమాండే అని మరొక బృందం ఉండేది. గయానా నుంచి వచ్చిన స్టీవ్ సిపియో, ప్యాట్రిక్ ప్యాటర్సన్ మొదలుపెట్టింది. అందరూ కరీబియన్ కుటుంబాలవాళ్లే. 1973లో వాళ్ల తొలి రికార్డు అమెరికా పట్టికల్లో కనిపించింది, అమెరికాలో అల్ గ్రీన్ పక్కన పర్యటించారు. తిరిగి లండన్‌కు వస్తే పట్టించుకున్నవాడు లేడు. 1974లో విడిపోయారు. సిపియో, ప్యాటర్సన్ న్యాయవాద వృత్తిలోకి పోయారు. ఆ సంగీతంలో లోపం నాకు కనిపించలేదు. చెప్పాలంటే డండీ కుర్రాళ్లకంటే వాళ్ల దగ్గర చెప్పవలసిన సంగతి ఎక్కువ ఉంది. తేడా వాళ్ల చర్మంలో ఉంది, దానికి వెలకట్టే బజారులో ఉంది. తెల్లవాడు నల్లవాడిలా వాయిస్తే వింత, నల్లవాడు నల్లవాడిలా వాయిస్తే మామూలు. వింతకే టికెట్టు. దశాబ్దాల తర్వాత హిప్‌హాప్ కుర్రాళ్లు వాళ్ల రికార్డుల్లోంచి ముక్కలు తీసి వాడాకే ఆ పేరు మళ్లీ బయటికొచ్చింది. 2006లో తిరిగి కలిశారు. 2022లో వాళ్లమీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. దశాబ్దాల ఆలస్యం.

కనక నేను తప్పు పట్టవలసింది బజారును, తప్పు పట్టింది మాత్రం నేర్చుకునేవాణ్ణి. ఈ రెంటినీ కలిపి ఒకే దొంగతనం కింద కేసు రాయడం నా పాత పొరపాటు. నేర్చుకున్నవాడు అప్పు ఒప్పుకున్నాడా లేదా, ఎవరితో కలిసి నిలబడ్డాడు అన్నవి అడగవలసిన ప్రశ్నలు. 'పర్సన్ టు పర్సన్' చివర వీళ్లు వాయించింది నార్మన్ విట్‌ఫీల్డ్, బారెట్ స్ట్రాంగ్ రాసిన పాట. మార్విన్ గే పాడగా లోకమంతా విన్నది. రాసినవాళ్ల పేర్లు రికార్డు మీద ఉన్నాయి. మన సినిమా అట్ట మీద నాట్లు వేసే మనిషి పేరు నేనింకా చూడలేదు. 1977లో బెన్ ఇ. కింగ్‌తో కలిసి ఒక పూర్తి రికార్డు చేశారు. ఇక అప్పు ఇచ్చినవాళ్లు ఊరుకున్నారనీ అనుకోకూడదు. 'సగటు తెల్లవాళ్ల' పాట పట్టికలెక్కిన 1975లోనే జేమ్స్ బ్రౌన్ మనుషులు 'సగటును మించిన నల్లవాళ్ల బృందం' అనే పేరుతో ఒక జవాబు రికార్డు విడుదల చేశారు. ఇంత నవ్వొచ్చే సాహిత్య వివాదం మన పత్రికల్లో జరిగి ఎన్నాళ్లయింది! 1988లో ఎరిక్ బి., రకీం అనే న్యూయార్కు నల్లవాళ్లు ఈ బృందం 'స్కూల్‌బాయ్ క్రష్' నడకను తీసుకుని తమ ర్యాప్ కింద పరుచుకున్నారు. అరువు పోయినదాన్ని వడ్డీతో వెనక్కి లాక్కున్నారు.

మాల్కం డంకన్ 2019లో పోయాడు. డండీ జూట్ మిల్లులు అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1990ల చివరికి పూర్తిగా మూతపడ్డాయి. ఒకప్పటి మిల్లు ఒకటి ఇప్పుడు ప్రదర్శనశాల. మా నాన్న పనిచేసిన మిల్లు కూడా మూతపడింది, కానీ అక్కడ ప్రదర్శనశాల లేదు, బకాయిలున్నాయి. ముప్పై ఏళ్ల మగ్గం రొద నాన్న చెవుల్ని మింగేసింది. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు కార్మికులు పాడుకునే పాటలుండేవని చిన్నప్పుడు విన్నాను. గేటు దగ్గర విన్నాను కూడా. సాహిత్య విద్యార్థిని, జానపద గేయాల మీద సెమినార్ పత్రం రాసినవాణ్ణి, చేతిలో టేపు రికార్డరు ఉన్నవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ గేటు దగ్గర దాన్ని ఆన్ చెయ్యలేదు. ఆ పత్రం కోసం పాటలు వెతుక్కుంటూ నలభై మైళ్లు బస్సులో వెళ్లాను. పాడినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు ఇద్దరు ముగ్గురు. వాళ్లకు చరణాలు గుర్తులేవు.

నా విద్యార్థికి ఇదంతా రాశాను. ఆ ప్రదర్శనశాలలో పాత యంత్రాన్ని నడిపి చూపిస్తారట. వాడు పోయి, అది నడుస్తుండగా రెండు నిమిషాల శబ్దం పట్టి పంపాడు. ఆదివారం పొద్దున నాన్న దగ్గర కూచుని స్పీకరు పెద్దగా పెట్టాను. ఆయనకు వినపడలేదు. అరచెయ్యి స్పీకరు మీద ఆనించమన్నాను. కొంచెంసేపు అలాగే ఉంచి, కళ్లు చిట్లించి, 'ఎవడ్రా నడిపేది, ఇంత నెమ్మదా? మా ఫోర్‌మన్ అయితే వేళ్లిరగ్గొట్టును' అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. శబ్దం అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు.